కొణతం మోసిన భుజానికి చాపపై చోటేది?

గత కార్తికం చివరి రోజుల్లో నరసరావుపేట బస్టాండులో కారంపూడి బస్సు కోసం వేచి ఉండగా, పక్కన ఒక వృద్ధుడు వచ్చి కూర్చున్నాడు. ఆయన భుజంపై ఎర్రగుడ్డ చుట్టిన పొడవాటి వస్తువొకటి ఉంది. దానికి పసుపు, కుంకుమ పూసి ఉన్నాయి. అది కొణతమనీ, పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు గుర్తుగా తమ ఇంట తరతరాలుగా పూజలందుకుంటున్న ఆయుధమనీ ఆయనే చెప్పాడు. ఏటా దానిని కారంపూడికి మోసుకుపోయి, నాగులేటిలో కడిగి, వీరుల గుడి ముందు నిలిపి తిరిగి తెస్తాడు. ఆయనది కూలి బతుకు. ఐదు రోజుల కూలి పోతుంది, దారిఖర్చు సొంతానిదే. పొమ్మన్న వారు లేరు, ఇచ్చే వారూ లేరు.

“ఎందుకు పెద్దాయనా ఇంత శ్రమ?” అని అడిగాను.

“పోరులో పోయినోళ్లు బాబూ. ఏడాదికోసారన్నా మనం పోయి పలకరించకపోతే ఎట్టా?” అన్నాడు. కొంతసేపాగి, “ఊళ్లో బయలెల్లేటప్పుడు దీనికి అందరూ దణ్ణం పెడతారు. నాకు మంచినీళ్లు మాత్రం దోసిట్లోనే పోస్తారు” అన్నాడు.

ఆయుధానికి దండం, దానిని మోసే మనిషికి దోసిట నీళ్లు. పల్నాడు తన వీరులను గౌరవిస్తున్నదా అన్న ప్రశ్నకు జవాబు ఈ వైరుధ్యంలోనే వెతకవలసి ఉంది.

12వ శతాబ్దంలో కారంపూడి రణభూమిపై మరణించిన వారిని పల్నాడు దేవతలుగా నిలుపుకున్నది. కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో వారి ఆరాధన సాగుతుంది. ఏ చక్రవర్తీ వేయించని పండుగ ఇది. దీనిని ఇన్ని శతాబ్దాలు నిలిపినవారు కొణతాలు మోసిన సామాన్యులు, కథ పాడిన వీరవిద్యావంతులు. ఈ గాయకులు ప్రధానంగా మాల కులస్థులు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి అచ్చువేయక ముందూ, ఆ తరువాతా కథ బతికింది వారి గొంతుల్లోనే. 1982లో అమెరికా పండితుడు జీన్ రోఘేర్ ఈ వీరగాథపై ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథానికి ఆధారం అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠం.

ఈ కథలోనే కన్నమదాసు ఉన్నాడు. మాలవాడైన ఆ వీరుణ్ణి బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడని గాథ చెబుతుంది. అన్ని కులాల వారిని ఒకే చాపపై కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడూ ఈ కథలోదే. అదంతా ఐతిహ్యమని కొందరు కొట్టివేయవచ్చు. కానీ ఒక నేల తన వీరులను గురించి ఏ కథ చెప్పుకోదలచిందన్నది కూడా చరిత్రే. కత్తి పట్టి కలిసి చావడానికి ముందు కలిసి తినాలన్నది ఈ కథ పెట్టిన షరతు. మనం చావును పండుగ చేసుకున్నాం, తిండిని మాత్రం ఆ పండుగ దాటి రానివ్వలేదు.

రణంలో రక్తం ధారపోస్తే సమాజం దానంతటదే సమానత్వం ఇస్తుందన్నది భ్రమ. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పోరాడి మరణించిన మహర్ సైనికుల పేర్లు అక్కడి స్తంభంపై చెక్కి ఉన్నాయి. ఆ శతాబ్దం ముగిసేలోగానే బ్రిటిష్ ప్రభుత్వం మహర్లను సైన్యంలో చేర్చుకోవడం మానివేసింది. 1927 జనవరి 1న అంబేడ్కర్ ఆ స్తంభం దగ్గర నివాళి అర్పించారు. అక్కడితో ఆగలేదు. అదే ఏడాది మార్చి 20న మహాడ్‌లో వేలమందితో చవదార్ చెరువు నీరు తాగారు. స్మరణ నుంచి నీటి దాకా ఆయన నడిచిన ఆ దూరాన్ని మనం ఇంకా నడవలేదు. నడిచి ఉంటే, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసేది కాదు.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, వీరగాథలు రచించి రాజు చేతిలో వంచితుడైన పారశీక కవిని నాయకుడిగా చేసుకుని ‘ఫిరదౌసి’ రాశారు. వీరుల కీర్తి అందరికీ, దానిని పాడినవాడి ఆకలి ఒక్కడికే అన్న అన్యాయం పల్నాటి కవికి పరాయిది కాదు. వీరవిద్యావంతుల వృద్ధాప్యానికి పింఛను, వారి పాఠాలన్నింటి ధ్వనిముద్రణ, బడిపుస్తకంలో బ్రహ్మనాయుడితో సమానంగా కన్నమదాసుకు చోటు ప్రభుత్వం చేయవలసిన కనీస పనులు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు పల్నాడు పేరు పెట్టుకున్నాం. ఆ పేరుకు ఈ బాకీ ఉంది.

అయితే అసలు పని ఊళ్లది. నేటి చాపకూడు ప్రతి బడిలో ప్రతి మధ్యాహ్నం జరుగుతూనే ఉంది. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. దళిత స్త్రీ వండిన అన్నం మా పిల్లలు తినరని ఏ ఊళ్లోనైనా ఒక తల్లి, ఒక తండ్రి కంచం వెనక్కి నెట్టిన రోజున, ఆ ఊరు కొణతానికి దండం పెట్టే అర్హత పోగొట్టుకుంటుంది. వీరులకు హారతి పట్టే చేయి, ఆ కంచం అందుకోవడానికీ చాచాలి. అప్పుడే మందపోరు నాడు మనం పరిచే చాపకు అర్థం ఉంటుంది.