జీపుకు ఆయాసం

జయపురం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇది. వారింట పాత డీజిలు జీపు ఉన్నది, నాలుగు చక్రాలూ లాగే రకం. భర్త కాలం చేసిన తరువాత కుమారుడు తోలుతున్నాడు. కొండవాలు పొలం నుండి ధాన్యం ఇంటికి దిగేది దాని మీదనే. రెండు నెలలుగా, బండి ఊరకే నిలబెట్టి ఉంచినా ఇంజను ఒకసారి హెచ్చి ఒకసారి తగ్గి, ఉబ్బసం మనిషిలాగా ఎగరోజుతున్నదట. వర్కుషాపువారు పంపు మార్చాలన్నారు. ఆ ఖర్చు వినేసరికి చుట్టాలు జీపే అమ్మివేయమంటున్నారు. "అన్నయ్యగారూ, మీరేమంటారు?" అని ఆమె ప్రశ్న.

అమ్మవద్దని ఆమెకు వెంటనే వ్రాశాను. తక్కినవారికి కూడా పనికివస్తుందని ఆ సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

నా జీపుకూ ఒకప్పుడు ఇదే జబ్బు చేసింది. అక్కనూ బావగారినీ ఎక్కించుకొని సాలూరు వెళ్లడానికి సుంకి ఘాటు దిగుతున్నాను. ఇంజను నాలుగుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. బ్రేకుకు వాక్యూం సాయం ఉన్న బళ్లలో ఇంజను ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తరువాత పెడలు రాయిలా బిగుస్తుంది. చేతిబ్రేకునూ మొదటి గేరునూ నమ్ముకొని బండిని కొండవైపు కాలువలోకి దింపాను. అక్క ఈనాటికీ నా బండి ఎక్కదు. తరువాత పంపు విప్పించి, రెండు వారాలు తిరిగి, బిగించి చూస్తే జబ్బు యథాప్రకారం! చివరకు ఒక లారీ డ్రైవరు పట్టుకొన్నాడు. ఫిల్టరు బోల్టు కింద రాగి వాషరు నలిగిపోయింది. పంపుకు పోసిన డబ్బు పంపుకే పోయింది.

ఇంతకూ ఆయాసం ఎందుకు వస్తుంది? డీజిలు ఇంజను వేగం అందులో పడే డీజిలు పాళ్లను బట్టి ఉంటుంది. ఆ పాళ్లు చూచే పెత్తందారు పంపులోని గవర్నరు. వేగం హెచ్చితే దాని బరువుగుండ్లు విచ్చుకొని డీజిలు తగ్గిస్తాయి. వేగం తగ్గితే స్ప్రింగు వాటిని వెనక్కు నెట్టి డీజిలు పెంచుతుంది. దారిలో గాలిబుడగ దూరిందనుకోండి, ఇంజను నీరసిస్తుంది, గవర్నరు ఎక్కువ వడ్డిస్తుంది. అంతలో బుడగ దాటిపోయి నిండు డీజిలు వచ్చిపడుతుంది. ఇంజను ఎగురుతుంది, మళ్లీ కోత పడుతుంది. స్నానానికి చన్నీళ్లూ వేన్నీళ్లూ మార్చి మార్చి పోసుకొంటూ ఎంతకూ కుదరని మనిషి అవస్థే.

కావున ముందు చూడవలసింది టాంకు నుండి పంపు దాకా ఉన్న దారి. చిక్కెక్కడంటే, అక్కడ డీజిలును పీల్చుకొంటారు గాని తోయరు. అందుచేత చిల్లు ఉన్నా డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కనబడక మెకానిక్కులు అంతా బాగున్నదంటారు. రాత్రంతా నిలిపిన బండి ఉదయం మొండికేస్తే ఈ అనుమానం బలపడుతుంది. ఫిల్టరుకూ పంపుకూ నడుమ జానెడు గాజులాంటి ప్లాస్టిక్ గొట్టం వేసి చూడండి. సోడాబుడ్డిలోలాగా బుడగలు పోతుంటే దొంగ దొరికినట్టే.

ఇంకొక గట్టి పరీక్ష ఉన్నది. శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిలు పోసి, ఇంజనుకంటె ఎత్తున కట్టి, గొట్టం నేరుగా పంపుకు తగిలించాలి. వెనక్కు వచ్చే గొట్టం కూడా ఆ డబ్బాలోకే పెట్టాలి. ఎయిరు తీసి స్టార్టు చేయండి. ఆయాసం పోతే పంపు నిర్దోషి. డబ్బాతో కూడా పోకపోతే అప్పుడు పంపును అనుమానించవచ్చు. గాలి ఒత్తిడితో పనిచేసే గవర్నరు ఉన్న పాత ఇంజన్లలో ముందు దాని డయాఫ్రం చినిగిందేమో చూడాలి.

టాంకు మూత వదులుచేస్తే ఉస్సుమని గాలి పీల్చిందా? అయితే మూతలోని రంధ్రం పూడింది. మెట్టలో మాత్రమే ఈ బాధ వస్తే, టాంకులో డీజిలు తక్కువై పీల్చే గొట్టం పైకి తేలుతున్నదేమో చూడండి.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమ్మే డీజిలులో గంధకం 10 పి.పి.ఎం. మించదు. 1993లో అమెరికాలో గంధకం తగ్గించినప్పుడు కొన్ని పాత బళ్ల రబ్బరు సీళ్లు ముడుచుకొని కారాయి. పాత రబ్బరును నమ్మవద్దు.

పని చేస్తున్న ఇంజనులో ఇంజెక్టరు గొట్టాలను వేలితో తడమకండి. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. తాళం తీసినా ఆగక, నీలిపొగతో వేగం పెరుగుతూనే ఉంటే అది ఆయాసం కాదు. ఇంజను తన ఆయిలు తానే తాగుతున్నది. గాలి పీల్చే నోటిని చెక్కతో మూయండి, చేయి మాత్రం పెట్టకండి.

మొన్న జయపురం నుండి రెండవ ఉత్తరం వచ్చింది. టాంకు మీది రబ్బరు గొట్టం వేసవి చెరువులా బీటలు వారిందట. అది మార్చగానే ఇంజను నిదానించింది, జీపు ఇంట్లోనే ఉన్నది. కాకపోతే గేరు మార్చేటప్పుడు ఏదో గరగరమంటున్నదని చివర ఒక ముక్క చేర్చారు. ఆ సంగతి వచ్చే నెల చూద్దాం.