జ్వరం తగ్గినప్పుడే అసలు గండం

ఎలమంచిలి : వానలు పడి నీళ్ళు నిలిచే రోజుల్లో ఈ ప్రాంతపు పల్లెల్లో డెంగీ అన్న మాట వినబడితే చాలు, అందరూ అడిగేది ఒక్కటే: ‘‘ప్లేట్‌లెట్లు ఎన్ని?’’ లెక్క లక్షకు దిగితే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. పుస్తెలు తాకట్టు పెట్టయినా రోగిని విశాఖకు తరలిస్తారు. ఆ ఆదుర్దా తప్పు కాదు. చూడవలసిన అంకె మాత్రం అదొక్కటే కాదు.

డెంగీ ఈ సీమకు కొత్తది కాదు. 1964లో విశాఖపట్నంలో డెంగీ వంటి జ్వరాలు ప్రబలినప్పుడు జరిపిన పరిశోధన మరుసటి ఏడాదే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చిలో వెలువడింది. అప్పటికి ఎలమంచిలి కూడా విశాఖ జిల్లాలోనిదే.

ప్లేట్‌లెట్ కణాల పైపొర మీద గ్రాహకాలు ఉంటాయి. తాళంకప్పలో చెవి పట్టినట్లు డెంగీ వైరస్సూ, దాని నుంచి వెలువడే ఎన్.ఎస్.1 అనే ప్రోటీనూ వాటికి పట్టుకుంటాయి. కణాలు రెచ్చిపోయి నశిస్తాయి. లెక్క పడిపోవడానికి ఇదొక కారణం. ఆ ప్రోటీనే రక్తనాళాల లోపలి పొరను కూడా వదులు చేస్తుంది. గట్టు బీటలిచ్చిన చెరువులో మాదిరి, రక్తంలోని ప్లాస్మా అనే ద్రవం బయటకు ఊరి పొట్టలోకి, ఛాతీలోకి చేరుతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది. రోగి ఉన్నట్టుండి కుప్పకూలేది ఎక్కువగా దీనివల్లనే.

ఈ ఊట మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకు మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. ‘ఒళ్ళు చల్లబడింది, గండం గడిచింది’ అని రోగిని ఇంటికి తీసుకుపోయేదీ అప్పుడే!

రక్తపరీక్ష చీటీలో ప్లేట్‌లెట్లతో పాటు పి.సి.వి. అనే అంకె ఉంటుంది. రక్తం చిక్కదనం తెలిపేది అదే. మొదట 40 ఉన్నది 48కి పెరిగితే, ప్లాస్మా కారుతున్నదని అనుమానించాలి. ప్లేట్‌లెట్లు ఎక్కించినందువల్ల ఈ ఊట ఆగదు. లెక్క 20 వేలకు దిగినా పెద్దగా రక్తస్రావం లేని వారికి ముందుజాగ్రత్తగా ఎక్కించి చూస్తే రక్తస్రావం తగ్గలేదనీ, ఇతర ఇబ్బందులు పెరిగాయనీ సింగపూర్, మలేసియా ఆసుపత్రుల పరిశోధన 2017లో తేల్చింది. బొప్పాయి ఆకు పసరును నమ్ముకుని కూర్చోవడమూ క్షేమం కాదు.

‘ఇంకో సెలైను పెట్టండి’ అని డాక్టరును ఒత్తిడి చేయడం మన పల్లెల్లో ఉన్నదే. ఊట ఆగాక కారిన ద్రవం తిరిగి రక్తంలోకి వస్తుంది. అదనంగా ఎక్కించిన సెలైను అప్పుడు ఊపిరితిత్తులకు భారమవుతుంది. ఆస్పిరిన్, బ్రూఫిన్ మాత్రలు, నొప్పి ఇంజక్షన్లు రక్తస్రావాన్ని పెంచుతాయి.

తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ వెంట రక్తం, మగత, చేతులు చల్లబడడం, మూత్రం తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనబడినా ప్లేట్‌లెట్ల లెక్క వచ్చేవరకు ఆగకుండా, అది రాత్రయినా సరే, రోగిని పెద్దాసుపత్రికి చేర్చవలసి ఉంది.