కోర్సు కన్నా ముందు కొలువు

గుండె పనితీరు చూడటానికి ఆసుపత్రుల్లో చేసే ట్రెడ్‌మిల్ పరీక్షకు ఎక్కువగా వాడేది బ్రూస్ పద్ధతి. రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా హృద్రోగ వైద్యుడు 1963లో దీన్ని వివరించాడు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల నడక, 10 శాతం వాలు. తర్వాతి మూడు నిమిషాలు 4 కిలోమీటర్లు, 12 శాతం. అలా మూడేసి నిమిషాలకోసారి వేగమూ వాలూ పెరుగుతూ పోతాయి. అరకు పక్కనున్న డుంబ్రిగుడ మండలంలో కొండ మీది ఊరి నుంచి సంతకు దిగి, ఉప్పూ నూనే సబ్బులూ కొనుక్కుని, పొద్దు వాలేలోగా మళ్లీ ఎక్కే ఆడమనిషికి ఆ వాలు ఒక లెక్కలోది కాదు. కానీ ఎక్కుతూ ఎక్కుతూ ఒకనాడు ఆమెకు ఊపిరి అందకపోతే అది రక్తహీనతా, సికిల్ సెల్లా, పొయ్యి పొగకు పాడైన ఊపిరితిత్తులా, గుండె కవాటమా అని విడదీసి చెప్పే మనిషి దగ్గర్లో ఉండడు. చాపరాయి జలపాతం దగ్గర థింసా నృత్యం చూసిన పర్యాటకులకు మల్లేనే ప్రభుత్వ యంత్రాంగానిదీ ఒకటే నమ్మకం: కొండవాళ్లు గట్టివాళ్లు, వాళ్లకేం కాదు.

ఆ విడదీసి చెప్పే పనికి ఒక చదువు ఉంది. క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. శ్రమ పడుతున్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, రక్తం ఎలా స్పందిస్తాయో కొలిచి, జబ్బుమనిషికి ఎంత నడక, ఎంత బరువు, ఎంత విశ్రాంతి అన్నది మందు మోతాదులా రాసిచ్చే విద్య ఇది. గుండెపోటు తర్వాత, మధుమేహంలో, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో దీని అవసరం తెలిసిందే. మన్యం పిల్లలు ఈ చదువులోకి వెళ్లాలన్నది నా వాదన. అయితే అందుకు ప్రభుత్వం ముందుగా తెరవాల్సింది కోర్సు కాదు.

గిరిజన పిల్లల శరీరం మీద మనకు ఆసక్తి లేక కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల తండాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కితే రాష్ట్రమంతా పండగ చేసుకుంది. విలువిద్యకు, పరుగు పందేలకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే 1600 మీటర్ల పరుగుకు ఏజెన్సీ కుర్రాళ్లను వెతికి మరీ తీసుకెళతారు. స్టాప్‌వాచ్ పట్టుకునే పక్కన మాత్రం వాళ్లు కనిపించరు. పరిగెత్తేది వాళ్లు, కొలిచేది ఇంకొకరు.

కొలిచేవారెవరన్నది చిన్న విషయమేమీ కాదు. శ్రమను లెక్కగట్టే ‘మెట్’ అనే ప్రమాణం కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఆ అంకె 70 కిలోలు, 40 ఏళ్లు ఉన్న ఒక మగవాడి నుంచి వచ్చింది. గరిష్ఠ గుండెవేగానికి జిమ్ గోడల మీద కనిపించే ‘220 లోంచి వయసు తీసెయ్’ అన్న సూత్రం 1970ల మొదట్లో అప్పటికున్న కొన్ని అధ్యయనాలను పోగేసి కంటిచూపుతో గీసిన గీత. ఊపిరితిత్తుల రోగులకు చేసే ఆరు నిమిషాల నడక పరీక్షకు 2002 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం 30 మీటర్ల చదునైన వరండా కావాలి. డుంబ్రిగుడలో రోగిని అలాంటి వరండాలో నడిపించి ‘బాగానే ఉంది’ అని పంపేస్తే, అతను ఇంటికి ఎక్కాల్సిన దారి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పనట్టే.

కొండ దారుల శ్రమను శాస్త్రం అసలు పట్టించుకోలేదని కాదు. కెన్యాలో లువో, కికుయు స్త్రీలు తమ బరువులో ఐదో వంతు దాకా తలమీద పెట్టుకుని నడిచినా అదనపు శక్తి ఖర్చు కాదని 1986లో ‘నేచర్’ పత్రిక అచ్చువేసింది. నేపాల్ కూలీల్లో మగవాళ్లు సగటున తమ బరువులో 93 శాతం మోస్తారని 2005లో ‘సైన్స్’లో వచ్చింది. తూర్పు కనుమల్లో కట్టెమోపు ఎత్తుకున్న తల్లీ ఉంది, గర్భిణిని డోలీలో మోసే నలుగురూ ఉన్నారు. వాళ్ల మోకాళ్లూ నడుములూ నలభై ఏళ్లకు ఏమవుతున్నాయన్న ప్రశ్న ప్రయోగశాలలో కూర్చున్నవాడికి తట్టాలంటే, అతని ఇంట్లో ఎవరో ఒకరు ఆ డోలీ మోసి ఉండాలి. ఇక ఈ శాస్త్రం మనది కాదనుకునేవారికి ఒక మాట. కండరం సంకోచానికి శక్తి ఎక్కడిదో చెప్పే మొదటి పుటల్లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీసింది ఆయనే.

మన్యంలో ఈ విద్య అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సికిల్ సెల్ దగ్గర. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు, ఒక్కరి నుంచే వస్తే వాహకత్వం. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, శక్తికి మించి శ్రమపడినా ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు విరిచేసినట్టు నొప్పి. డిసెంబరు పొద్దున, మంచు విడవని మైదానంలో, నీళ్లు తాగకుండా వచ్చిన పిల్లలతో ఆశ్రమ పాఠశాలలో పీటీ చేయిస్తే ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. పరిగెత్తలేనన్న పిల్లవాడి పేరు బద్ధకం ఖాతాలో పడుతుంది. జబ్బు బయటపడ్డాక కథ అటు తిరుగుతుంది: ఇక ఆటే వద్దు, పనే వద్దు అని మూల కూర్చోబెడతారు. రెండూ తప్పే. ఎంత శ్రమ సురక్షితమో కొలిచి చెప్పవచ్చు.

అమెరికా సైన్యం అనుభవం ఇందుకు పనికొస్తుంది. 47,944 మంది నల్లజాతి సైనికుల వివరాలతో 2016లో వెలువడిన అధ్యయనంలో, సికిల్ వాహకులకు మరణం ముప్పు ఇతరులకన్నా పెరగలేదని తేలింది. తీవ్ర శ్రమతో కండరాలు చితికి మూత్రపిండాల మీద పడే స్థితి ముప్పు మాత్రం 54 శాతం ఎక్కువ. నీళ్లు, విశ్రాంతి, వేడికి అలవాటుపడే గడువు లాంటి జాగ్రత్తలు అక్కడ సైనికులందరికీ వర్తిస్తాయి. అంటే వాహకుణ్ని పక్కన పెట్టడం కన్నా కసరత్తు తీరు మార్చడం మేలు. మన దగ్గర 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. సికిల్ సెల్ రోగికి రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛనూ ఇస్తోంది. మంచిదే. పరీక్షకూ పింఛనుకూ మధ్య, ‘ఈ పిల్ల కాఫీ తోటలో పనికి వెళ్లొచ్చా, బడిలో కబడ్డీ ఆడొచ్చా’ అని అమ్మ అడిగే ప్రశ్నకు జవాబిచ్చే ఉద్యోగి మాత్రం ఎక్కడా లేడు.

ఆ ఉద్యోగి లేనందువల్లే కోర్సు పెట్టమని నేను అడగడం లేదు. చెన్నైలోని శ్రీరామచంద్ర, రాజస్థాన్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఇప్పటికే స్పోర్ట్స్, ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీలున్నాయి. కానీ ఆరోగ్య అనుబంధ వృత్తులపై 2021లో వచ్చిన కేంద్ర చట్టంలోని పది వర్గాల్లో ఫిజియోథెరపీకి సొంత స్థానం ఉంది, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ పేరుతో వర్గం లేదు. గుర్తింపు లేని డిగ్రీతో నగరాల పిల్లవాడు ఏ జిమ్‌లోనో, క్రికెట్ అకాడమీలోనో కుదురుకుంటాడు. హాస్టల్ నుంచి హాస్టల్‌కు మారుతూ, ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ దాటుకుంటూ పీజీ దాకా వచ్చిన గదబ, పోర్జ పిల్లకు ఆ తెరువు లేదు. ఆమె పట్టా పట్టుకుని డుంబ్రిగుడకు వస్తే, ఇక్కడి ఆసుపత్రిలో ఆమె కూర్చునే కుర్చీకి పేరే లేదు. అటువంటి చదువుకు ఆమెను ప్రోత్సహించడం మోసం చేయడమే.

ఆస్ట్రేలియాలో ఈ వృత్తి నిలబడటానికి కారణం పాఠ్యపుస్తకం కాదు, జీతం. నాలుగేళ్ల చదువు, అందులో 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ముగించి గుర్తింపు పొందిన ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు చేసే వైద్యానికి 2006 నుంచి ప్రభుత్వ బీమా మెడికేర్ డబ్బు చెల్లిస్తోంది. ఆదివాసులకు చేసే వార్షిక ఆరోగ్య పరీక్ష తర్వాత పంపే సేవల్లో ఇదీ ఒకటి.

కాబట్టి అరకు, పాడేరు ఆసుపత్రుల్లో ముందు పోస్టు మంజూరు కావాలి. పునరావాస వ్యాయామ నిపుణుడు అనండి, ఇంకేమైనా అనండి. ఆ పోస్టుకు దారి, చట్టంలో ఇప్పటికే గుర్తింపు ఉన్న ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) మీదుగా వేయాలి: బీపీటీ పూర్తిచేసిన గిరిజన విద్యార్థికి ఏడాది, రెండేళ్ల ప్రత్యేక శిక్షణ. 2024-25లో 50 సీట్లతో మొదలైన పాడేరు వైద్య కళాశాలలో రోగులున్నారు, శరీరధర్మశాస్త్ర విభాగం ఉంది. 2019లో చట్టంతో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరంలో ఉంది. ఈ రెండిటినీ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలదు. పరిశోధన చేస్తానన్నవారికి కేంద్రం ఇచ్చే విదేశీ విద్యా ఉపకారవేతనాలు ఏడాదికి 20 ఉన్నాయి, వాటిలో మూడు అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలకే.

డాక్టరే దొరకని చోట, రోడ్డే లేని ఊళ్లకు ఈ విలాసం ఎందుకని అడిగేవారు ఉంటారు. అభయ్ బంగ్ అధ్యక్షతన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక చూడాలి. గిరిజన వయోజనుల్లో నలుగురిలో ఒకరికి రక్తపోటు ఉందని అది చెప్పింది. రోడ్డు పడితే డోలీ పోతుంది, రక్తపోటు పోదు.

చివరి చిక్కు నియామకానిది. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ తర్వాత ఏ కొత్త పోస్టు వచ్చినా మైదానం అభ్యర్థి చేరి, బదిలీ కోసం ఎదురుచూస్తాడన్న భయం కొండల్లో ఉంది. భయం న్యాయమైనదే. కానీ కోర్టు తోసిపుచ్చింది నూరు శాతం రిజర్వేషన్‌ను. ఆయాసం ఎప్పుడొస్తోంది, ఎంత దూరం నడిచాక వస్తోంది అని రోగిని ఆమె భాషలోనే అడగాల్సిన ఉద్యోగానికి కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ వచ్చి ఉండాలని నోటిఫికేషన్‌లో ఒక అర్హతగా రాయడం వేరే సంగతి. ఆరోగ్యశాఖ ఆ వాక్యం రాయడానికి ఎవరి అనుమతి కోసం ఆగాలో నాకైతే అర్థం కావడం లేదు.