కుట్టేది ఆడవాళ్లు... లెక్కలో ఏరీ?

మా తొండూరు, పులివెందుల వైపు పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే ఆడవాళ్లను "రోజుకు ఎంత పడుతుంది?" అని అడిగి చూడండి. "ఊరికే కూర్చునేదానికంటే మేలే కదక్కా" అంటారు. జవాబులో రూపాయి మాటే ఉండదు!

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక పాలస్తీనా కండువాలు ప్రపంచమంతా కనిపిస్తున్నాయి. వాటిలో ఆడవాళ్లు చేత్తో ఎంబ్రాయిడరీ చేసినవీ ఉన్నాయి. పోగులు లెక్కపెట్టుకుంటూ గుణకారం గుర్తులా ఐమూలగా వేసే ఆ కుట్టును అక్కడ 'తత్‌రీజ్' అంటారు. ఒకప్పుడు గౌను మీది డిజైను చూసి ఆమెది ఏ ఊరో చెప్పేవారట. 1948లో ఊళ్లే పోయాయి. శరణార్థి శిబిరాల్లో ఆ కుట్టే ఇల్లు గడిపే పనైంది. లెబనాన్ శిబిరాల్లోని ఆడవాళ్లకు ఈ పని ఇప్పించడానికి 1969లో 'ఇనాష్' అనే సంస్థ పుట్టింది. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవం సరే. మరి కూలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అంత దూరం పోనక్కర్లేదు. పశ్చిమ గోదావరిలో మన నరసాపురం ఉంది. క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటికీ పాకింది. ఆ లేసు విదేశాలకు పోయింది, ఎగుమతిదారులు మేడలు కట్టారు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వచ్చి ఆ ఇళ్లల్లో కూర్చుని లెక్క తీసింది. రోజుకు ఆరేడు గంటలు అల్లినా రూపాయి కూడా గిట్టని ఆడవాళ్లు! ఎందుకంటే వాళ్లు 'గృహిణులు', అది 'తీరిక వేళ' పని. జనాభా లెక్కల్లోనూ చాలామంది కార్మికులుగా కనబడలేదు. 1982లో వచ్చిన ఆమె పుస్తకం ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది. (వంటా, పిల్లలూ, పశువులూ అయ్యాక మిగిలినదాన్ని తీరిక అన్నవాళ్లకు దండం పెట్టాలి!)

ఇక పోటీ సంగతి. హెబ్రోన్‌లో 1961లో పెట్టిన హిర్బావీ కండువాల మిల్లును చైనా నుంచి వచ్చిన చౌక కండువాలు మూతపడే దాకా తెచ్చాయి. నరసాపురానికీ చైనా మిషను లేసుతో అదే బాధ. మిషను ధరకు చేతిపని ఇవ్వాలంటే ఎక్కడ కోస్తారు? దారం ధర తగ్గదు, దళారీ వాటా తగ్గదు. అల్లే చేతికిచ్చేదే తగ్గుతుంది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ పేరుతో ఇంకెవరూ దొంగ సరుకు అమ్మకూడదు. కానీ ఒక మెలిక ఉంది. ఆ గుర్తింపును వాడుకోవాలంటే తయారుచేసేవాళ్లు 'అధీకృత వినియోగదారు'గా విడిగా దరఖాస్తు పెట్టి పేరు నమోదు చేయించుకోవాలి. ఇంటి అరుగు మీద కూర్చుని అల్లే మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తారు? కాగితాలు ఎవరు నింపుతారు? వ్యాపారి పేరొక్కటే ఎక్కితే ముద్ర ఆయనదే అవుతుంది, ధరా ఆయనదే.

అందుకే నరసాపురం వైపు మీకు తెలిసిన ఆడవాళ్లెవరైనా లేసు అల్లుతుంటే, ఆ జాబితాలో తమ పేరుందో లేదో కనుక్కోమనండి. ముక్కకు ఇంతని ఇస్తుంటే, ఒక ముక్కకు ఎన్ని గంటలు పట్టిందో కూడా రాసిపెట్టుకోమనండి.