చీనా వార్తయు, కొల్లేటి రొయ్యయు

కొల్లేటి చెంత ముదినేపల్లి ప్రాంతమున చేపల చెరువులును రొయ్యల చెరువులును వరిచేలను మ్రింగివైచి యేండ్లైనది. మన రొయ్యను కొనువారిలో అమెరికా తరువాత చీనాయే పెద్ద బేరగాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై 50 శాతము సుంకము విధించినపుడు ఎగుమతిదారులు చూపు చీనావైపు మరల్చిరి. ఇంత సంబంధ మున్నను ఆ దేశపు పత్రికను స్వయముగా చదువగలవారు మనలో నెందరు?

చీనా నేర్వ నెంచువారు సంభాషణల పుస్తకముతో మొదలిడి దానితోనే నిలిచిపోవుదురు. తేనీరు కొనుటకు, దారి యడుగుటకు అది చాలును. వార్త యెదుట బెట్టినచో దిక్కు తోచదు. ఏలన, నోటిమాట వేరు, పత్రిక మాట వేరు. చెప్పుటకు ఇంటిలో 'ష్వో' యందురు. పత్రికలో నధికారి 'బ్యావ్‌షి', అనగా అభిప్రాయము వెలిబుచ్చును. వాడుకలోని 'జాయ్' ఉండవలసిన చోట పాతకాలపు 'యూ' వచ్చి కూర్చుండును. జరుగబోవు పనికి 'జ్యాంగ్' చేర్తురు. తనిఖీ చేసిరని యూరకుండక, 'జిన్‌శింగ్' తగిలించి తనిఖీ నిర్వహించిరందురు. తెలుగువానికి ఇదియొక వింతయా? మన విలేఖరులకు సభ జరుగదు, నిర్వహింపబడును. మంత్రి చెప్పడు, ఉద్ఘాటించును!

1917లో హూ షీ అచ్చట వాడుకభాషకై కలము పట్టెను. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఇచ్చట 'తెలుగు' పత్రికను వెలువరించిరి. ఇరుచోట్లను వాడుకయే గెలిచెను. ఐనను వార్తల పంక్తులలో పాతభాష గూడు కట్టుకొనియే యున్నది. దానిని మేము నిందింపము. నాలుగక్షరములలో వార్త యిముడవలెనన్న ఆ బిగువు కావలయును.

1988 నాటి ప్రభుత్వపు పట్టికలోని 3,500 అక్షరములను కంఠస్థము చేసి పిమ్మట పత్రిక పట్టుదమనువాడు ఎన్నటికిని పట్టడు. ఒక్క విషయమునే, సుంకముల వార్తనో మత్స్యముల వార్తనో, నెలదినములు విడువక చదువవలెను. 'హైగ్వాన్' సుంకముల శాఖ, 'జిన్‌కౌ' దిగుమతి, 'జాన్‌తింగ్' తాత్కాలికముగా నిలుపుట: ఇవి మరల మరల ఎదురై తామే పరిచితము లగును. 'జాన్‌తింగ్ జిన్‌కౌ' అని ప్రకటన వెలువడినచో చెరువుగట్టున ధర పడును. ఆ మాట రైతునకు దళారి నోట, దళారికి లాభమైన వేళకు, అందుచున్నది.

చేతిలోని ఫోను అనువదింపదా యనువారు కలరు. అనువదించును. నిలిపిరో, తాత్కాలికముగా నిలిపిరో, ఆ తేడా జారినదేమో చూచుటకైనను చదువరి యొకడు కావలెను గదా!

వైద్యవిద్యకై చీనా పోయివచ్చిన యువకులు ఆంధ్రమున ననేకులు కలరు. ఇంగ్లీషున చదివినను, రోగులతో మాటాడుటకు ఆ భాష కొంత నేర్చినవారే. వారిలో నొకరు వారమునకొక సాయంకాలము గ్రంథాలయమున కూర్చుండి, ఒక్క వార్తను నల్లబల్లపై విడదీసి చెప్పిన చాలును. బల్లకును సుద్దకును చీనా పోనక్కరలేదు.