గాజుతొట్టి కారితే

పాఠశాలల్లో పాతసామానుల గది అని ఒకటి ఉంటుంది. కాలు ఊడిన బల్ల, ఇరుసు తప్పిన భూగోళం, అంచులు చినిగిన పటాలు అక్కడ విశ్రమిస్తూ ఉంటవి. నేడు వాటి సరసన మరొక వస్తువు కూడా చేరుతున్నది. ఒకనాడు రంగురంగుల చేపలతో పిల్లలను గుమ్మం దగ్గరనే నిలిపివేసిన గాజుతొట్టి అది. ఎందుకు మూలబడినదని అడిగితే, "కారుతున్నదండీ" అన్న ఒక్క మాటే సమాధానం. ఇళ్లలోనూ ఇంతే. చేపలను ఎవరికో ఇచ్చివేసి తొట్టిని అటక ఎక్కిస్తారు. లేదా బయటినుంచి ఏదో జిగురు పూసి, రెండు రోజుల తరువాత తడిసిన నేలను చూసి నిట్టూరుస్తారు. ఈ రెండూ తగిన పనులు కావని నా అభిప్రాయం. కారే తొట్టిని చాలవరకు మనమే బాగుచేసుకోవచ్చును. పిల్లల ఎదుట బాగుచేస్తే అది భౌతికశాస్త్రానికీ, రసాయనశాస్త్రానికీ, అంతకు మించి బుద్ధికీ ఒక మంచి పాఠమవుతుంది.

ఈ తొట్టికి ఒక చరిత్ర ఉన్నది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి ఒక మత్స్యశాలను నెలకొల్పినారు. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు 'ది అక్వేరియం' అనే గ్రంథం ప్రకటించి, ఆ పేరును ప్రచారంలోనికి తెచ్చినాడు. పూర్వపు తొట్లకు లోహపు చట్రం ఉండేది. అద్దాలను అందులో పుట్టీతో బిగించేవారు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో సిలికోన్ వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఆ చట్రంతో పని లేకపోయింది. నేడు మనం చూచే తొట్టిని నిలబెట్టుతున్నది ఇనుము కాదు. ఐదు అద్దాల అంచులను పట్టుకొన్న సన్నని సిలికోన్ రేఖ.

ఆ సిలికోన్ గుణం తెలిసినవానికే తొట్టి వైద్యం తెలుస్తుంది. గాజుకు మూలం ఇసుక. ఇసుకలో ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్. సిలికోన్ అణువుకు వెన్నెముక కూడా ఆ రెండింటి గొలుసే. రెండూ ఒకే వంశానివి కనుక శుభ్రమైన గాజును సిలికోన్ గట్టిగా పట్టుకొంటుంది. ట్యూబులోనుంచి మెత్తగా వచ్చి, గాలిలోని తేమను గ్రహించి, రబ్బరువలె బిగుస్తుంది. సామాన్యంగా తొట్లకు వాడే రకం బిగిసేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. ఐతే ఇందులో ఒక విచిత్రమున్నది. ఒకసారి బిగిసిన పాత సిలికోన్ మీద కొత్త సిలికోన్ సరిగా అంటదు. గాజును అంతగా పట్టుకొన్నది తన జాతిని మాత్రం పట్టుకోదు. పాత పూతమీద కొత్త పూత వేసినవారి శ్రమ అంతా వ్యర్థం కావడానికి కారణమిదే.

బయటి పూత ఎందుకు నిలువదో లెక్క వేసి చూపవచ్చును. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో నిండుగా 54 లీటర్ల నీరు పడుతుంది. అనగా 54 కిలోల బరువు. ఆ నీరు ముందు అద్దాన్ని త్రోసే బలం దాదాపు 27 కిలోల బరువుకు సమానం. ఆ త్రోపుడు రాత్రింబవళ్లు ఆగదు. లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది గనుక అడుగు అంచుకే శ్రమ ఎక్కువ. బయట వేసిన పూతను నీరు గాజునుంచి ఊడదీస్తూ వెలుపలికి నెట్టుతుంది. లోపల వేసిన పూతనైతే అదే నీరు మూలలోనికి అదిమి పెడుతుంది. ఈ మాట బోధపడిన పిల్లవాడు పీడనమంటే ఏమో మరచిపోడు.

ఇక కారే చోటును కనిపెట్టడం. నీటిబొట్టు రాలిన చోటే చిల్లు ఉన్నదనుకోరాదు. నీరు అద్దం వెంట జారి ఎక్కడో తేలుతుంది. తొట్టి కింద పొడి వార్తాపత్రిక పరచి, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి వేచి చూడవలె. మట్టం కొంతవరకు దిగి ఆగిపోతే, ఆ ఎత్తులోనే లోపమున్నదని గ్రహించవచ్చును. అడుగుదాక దిగిపోతే లోపం కింది అంచులో ఉన్నది.

లోపం తెలిసిన తరువాత మొదట విద్యుత్తు తీగలను ఊడదీయవలె. పిదప చేపలను అదే నీటితో ఒక టబ్బులోనికి మార్చి, గాలి పంపు అమర్చవలె. నీటిని శుద్ధిచేసే స్పాంజిని కుళాయి కింద కడుగక, ఆ నీటిలోనే తడిగా ఉంచవలె. చేపల మలినాన్ని మార్చివేసే మేలైన సూక్ష్మజీవులు అందులోనే కాపురముంటవి.

తొట్టి ఖాళీ ఐన తరువాత అసలు పని వస్తుంది. లోపలి అంచుల పాత సిలికోన్‌ను బ్లేడుతో పూర్తిగా గీకివేయవలె. కారే మూల ఒక్కటి చాలదు. నాలుగు నిలువు మూలలూ, అడుగు అంచులూ అన్నీ గీకవలె. లేకున్న పాతకూ కొత్తకూ కలిసే చోట మళ్లీ నీరు దారి వెదకుతుంది. ఐతే రెండు అద్దాల నడుమ వాటిని అతికి ఉంచిన పొరను మాత్రం బ్లేడు తాకరాదు. గీకిన తరువాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో గాజును తుడిచి ఆరనీయవలె.

మన పనివాండ్రకు ఈ ధర్మం కొత్త కాదు. కళాయి వేసేవాడు గిన్నెను తోమి, వేడిచేసి, నవాసారం చల్లి శుద్ధిచేసిన తరువాతనే తగరం అంటిస్తాడు. సైకిలు పంక్చరు వేసేవాడు రబ్బరు గొట్టాన్ని గరుకుగా రుద్దనిదే సొల్యూషన్ పూయడు. పూసిన వెంటనే ముక్క అంటించడు. ఉపాధ్యాయులమైన మనకు కూడా ఇది తెలిసినదే. పదేండ్లుగా ఒక మాటను తప్పుగా వ్రాస్తున్న విద్యార్థి నోటుపుస్తకంలో ఎర్రసిరాతో ఒప్పు వ్రాసినంతమాత్రాన ఆ తప్పు పోదు. అలవాటును ముందు గీకివేయవలె.

శుభ్రమైన మూలకు రెండు ప్రక్కలా కాగితపు టేపు అంటించి, నడుమ సిలికోన్‌ను తెగకుండ పూసి, తడివేలితో ఒక్క ఒరవడిలో అదిమి, పై పొర కట్టకముందే టేపు తీసివేయవలె. బూజును చంపే మందు కలిసిన స్నానాల గది సిలికోన్ చేపలకు ప్రాణాపాయం. అక్వేరియానికి తగినదని ట్యూబు మీద వ్రాసినదానినే కొనవలె. గాలి ఆడే చోట మూడు నాలుగు రోజులు, పూత మందమైతే వారం రోజులు, తొట్టిని కదల్చక ఉంచవలె. ఆ తరువాత పావువంతు చొప్పున నీరు పోస్తూ, కింది పత్రిక తడవలేదని చూచుకొంటూ, నిండిన తొట్టిని ఒక రోజైనా పరీక్షించవలె. ఆ నీటిని పారబోసి, కడిగి, అప్పుడు చేపలకు ప్రవేశం.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త తొట్టి కొనరాదా అని కొందరనవచ్చును. అద్దం పగిలినా, అద్దాల నడుమ అతుకే విడిపోయినా, తొట్టి చాలా పెద్దదైనా, అది నేర్చిన పనివాని పని. అక్కడ సాహసం తగదు. పిల్లల చేతికి బ్లేడు ఇమ్మని కూడా నేననను. గీకడం ఉపాధ్యాయుని పని; గుర్తు పెట్టడం, కొలవడం, తుడవడం, కాపలా కాయడం పిల్లల పని. కాని చిన్న లోపానికి పెద్ద వస్తువును పారవేయడం చూస్తూ పెరిగిన పిల్లవానికి పొదుపును గూర్చి వ్యాసం వ్రాయమనడం వింతగా ఉంటుంది. నిన్నటిదాక మేత వేసిన చేపను తొట్టి కారగానే వదిలించుకొన్నచోట భూతదయను గూర్చిన పాఠమూ అంతే.

ఈ పని మొత్తంలో పిల్లలకు మిక్కిలి కష్టమైనది వేచి ఉండడమే. రెండవనాడే "ఇంక నీళ్లు పోయవచ్చునా మాస్టారూ?" అని అడుగుతారు. పై పొర గట్టిపడినట్లు వేలికి తెలుస్తుంది. లోపల ఇంకా పచ్చిగా ఉండవచ్చును. అప్పుడు "ఇంకా రెండు రోజులు" అని చెప్పి నిలువగలిగిన ఉపాధ్యాయుడు వారికి ఏ పుస్తకమూ చెప్పలేని పాఠం చెప్పినవాడవుతాడు.