రంపానికి శ్రుతి

కొత్తగా కొన్న మోటారు రంపం మాను మధ్యకు వెళ్లేసరికి ఊపిరాడనట్లు ఆగిపోతుంటే కొన్నవారి అనుమానం ముందుగా ఇంజను మీదికే పోతుంది. కొందరు మెకానిక్‌లు కూడా వెంటనే సైలెన్సర్ రంధ్రం పెంచి, కార్బురేటర్ స్క్రూలు బిగించి, ఇంజను గొంతు పెరిగితే బలం పెరిగినట్లేనని చెప్పి పంపుతారు. ఈ చికిత్సలో క్రమం తలకిందులైంది. శక్తి చాలదనిపించే కొత్త రంపంలో మొదట చూడవలసినది గొలుసు, తర్వాత ఇంధనం, ఆ తర్వాత కార్బురేటర్. సైలెన్సర్ దాకా పోవలసిన అవసరం తోట ఉన్న రైతుకు గాని, జామాయిల్, సుబాబుల్ కోతకు వెళ్లే కూలీకి గాని దాదాపు రాదు.

చెట్టును కోసేది ఇంజను కాదు, గొలుసు. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో కలప కోతపని చేసే జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్, ఒక పెంకుపురుగు లార్వా తన రెండు దవడలతో దుంగను నిలువునా, అడ్డంగా కూడా సునాయాసంగా తొలుచుకుపోవడం గమనించి, ఆ దవడల తీరులోనే కుడిపన్ను, ఎడమపన్ను మార్చి మార్చి వచ్చే గొలుసును రూపొందించారు. నేటి రంపాల మీద తిరుగుతున్నది చాలావరకు ఆ గొలుసు సంతతే. దాని ప్రతి పంటికీ ముందు ఒక చిన్న దిమ్మ ఉంటుంది, పన్ను ఒక్క విడతలో ఎంత మందాన చెక్కను లేపాలో నిర్ణయించేది అదే. సాధారణ గొలుసుల్లో అది పంటి అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్నును ఎన్నిసార్లు పదునుపెట్టినా దిమ్మను అలాగే వదిలేస్తే పన్ను చెక్కను అందుకోలేదు, మరీ అరగదీస్తే ఒక్కసారిగా లోతుగా దిగి ఇంజనును ఆపేస్తుంది, ఒక్కోసారి బారును, అంటే గొలుసు తిరిగే పొడవాటి పట్టీని, వెనక్కి, మనిషి మీదికి ఎగరగొడుతుంది కూడా. పదునైన గొలుసు నుంచి పేళ్లు రాలతాయి, మొద్దుబారిన దాని నుంచి పిండిలాంటి పొట్టు రాలుతుంది. ఈ తేడా చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. బారు పొడవు కూడా ఇక్కడే చూసుకోవాలి. 58 సీసీ ఇంజనుకు 22 అంగుళాల బారు తగిలించి అమ్మడం మన మార్కెట్లో మామూలే అయినా, చింత, తుమ్మ వంటి గట్టి మానులో ఆ బారు మొత్తం మునిగినప్పుడు ఒకేసారి అన్ని పళ్లను లాగవలసి రావడంతో ఇంజను కుంగుతుంది. అదే ఇంజను 18 అంగుళాల బారుతో తేలికగా కోస్తుంది.

కొత్త ఇంజనుకు కొంత గడువు ఇవ్వడం కూడా అవసరం. పిస్టను రింగులు సిలిండరు గోడలకు సర్దుకునే దాకా పూర్తి బలం రాదు కాబట్టి, మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోలు అయ్యేవరకు చెక్క మీద భారం లేకుండా పూర్తి వేగంతో రేజ్ చేయకూడదు.

అంతకంటే తక్కువగా చర్చకు వస్తున్న కారణం పెట్రోలులోనే ఉంది. ఈ రంపాలలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. అంటే పాత చేతక్ స్కూటర్లకు బంకులో పోయించినట్లే దీనికీ పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి, లోపలి భాగాలకు అందే నూనె అదొక్కటే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్‌లో స్వతహాగానే ఆక్సిజన్ ఉండడం వల్ల దానికి బయటి గాలి తక్కువ చాలుతుంది. ఒక పాలు స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావలసి ఉంటే, ఒక పాలు ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఫలితంగా అంతే గాలికి ఇథనాల్ లేని పెట్రోలు కంటే 20 శాతం మిశ్రమం సుమారు 8 శాతం ఎక్కువగా కావాలి, కానీ పాత ఇంధనానికి సరిపెట్టిన కార్బురేటర్ స్క్రూకు ఆ సంగతి తెలియదు. మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గడాన్ని మెకానిక్‌లు ‘లీన్’ అంటారు. అసలే పొగ నిబంధనల కోసం కంపెనీలు కొత్త రంపాలను కొంత లీన్‌గా సరిచేసి పంపుతుంటే, ఇథనాల్ దాన్ని మరికొంత లీన్ చేస్తుంది. అప్పుడు రేజ్ చేయగానే ఇంజను తడబడుతుంది, మానులో బలం చూపదు. అంతకంటే ప్రమాదకరమైనదేమిటంటే ఇంధనంతోపాటే రావలసిన నూనె కూడా తగ్గి, వేడి పెరిగి, పిస్టను మీద గీతలు పడతాయి. చాలా రంపాల చేతిపుస్తకాలు 10 శాతానికి మించిన ఇథనాల్ వద్దని చెబుతుండగా, కొనేవారికి ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పకపోవడం అన్యాయం.

కాబట్టి స్క్రూలను తిప్పడం తప్పు కాదు, ఎటు తిప్పాలో తెలియకపోవడమే తప్పు. కార్బురేటర్ మీద సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి: ‘ఎల్’ తక్కువ వేగంలో, ‘హెచ్’ పూర్తి వేగంలో వెళ్లే ఇంధనాన్ని నియంత్రిస్తాయి, మూడవది ఐడిలింగ్‌ను, అంటే ట్రిగ్గర్ వదిలినప్పుడు ఇంజను నిలకడగా తిరిగే వేగాన్ని నిర్ణయిస్తుంది. మొదటి రెండింటిని కుడికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. గాలి ఫిల్టరును శుభ్రపరచి, ఇంజను బాగా వేడెక్కిన తర్వాత, ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా పికప్ అందుకునే చోట ‘ఎల్’ను నిలిపి, గొలుసు కదలకుండా ఇంజను నడిచే చోట ఐడిలింగ్‌ను ఉంచాలి. అసలు పరీక్ష ‘హెచ్’ దగ్గర ఉంది. ఇంధనం కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు పూర్తి వేగంలో ఇంజను గొంతు గరగరమని తెగి తెగి వినబడుతుంది, చెక్కలోకి దించగానే ఆ గరగర పోయి ఒకే స్వరంగా మారుతుంది. ఆ రెండూ కలిసివచ్చే చోటే శ్రుతి కుదిరినట్లు. భారం లేనప్పుడు కూడా సన్నగా, నునుపుగా, కీచుమని పాడే రంపం చెవికి బలంగా తోచినా లోపల ఎండిపోతున్నదని అర్థం. చాలామంది కుడికి తిప్పి ఆ కీచుగొంతునే కోరుకుంటారు, నెల తిరగకుండానే పిస్టను పట్టేస్తుంది. టాకోమీటరు, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే పరికరం, ఉంటే చేతిపుస్తకంలోని గరిష్ఠ సంఖ్యను మించకుండా చూసుకోవడం మరింత మేలు.

ఈ శ్రుతి శాశ్వతం కాదు. నర్సీపట్నంలో సరిచేసిన రంపాన్ని వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగికి తీసుకువెళితే అక్కడి పలచని గాలిలో ఇంధనం పాలు ఎక్కువై బలం తగ్గుతుంది. అక్కడి చలికి గాలి కొంత చిక్కబడినా ఎత్తు చేసిన తేడా పూర్తిగా తీరదు. కొండ మీద సరిచేసిన దాన్ని మళ్లీ సరిచేయకుండా మైదానానికి దించి నడపడం మాత్రం నేరుగా పిస్టనుకే చేటు.

సైలెన్సర్‌ను వెడల్పు చేస్తే కాలిన వాయువులు సులువుగా వెళ్లి శక్తి కొంత పెరుగుతుందన్నది నిజమే. అయితే ఆ మార్పుతో మిశ్రమం ఇంకా లీన్ అవుతుంది కాబట్టి ‘హెచ్’ను మళ్లీ ఎడమకు తిప్పక తప్పదు, అసలే వినికిడిని దెబ్బతీసే చప్పుడు మరింత పెరుగుతుంది, నిప్పురవ్వలను ఆపే జాలీ కూడా తీసేస్తే వేసవిలో ఎండుటాకుల మధ్య పని చేయడం ప్రమాదమవుతుంది. రోజంతా ఆ రంపం పట్టుకునే కూలీ చెవులను పణంగా పెట్టి సంపాదించే ఆ కొద్దిపాటి శక్తి, గుండ్రటి ఆకురాయితో పది నిమిషాలు పదునుపెడితే వచ్చేదానికంటే ఎక్కువేమీ కాదు.

రంపం అమ్మినవారే, నాలుగైదు ట్యాంకులు నడిచాక దాన్ని వెనక్కి తెప్పించుకుని, ఆ ఊరి పెట్రోలుతో, ఆ ఊరి మానుమీద ఉచితంగా సరిచేసి ఇవ్వాలి. లీటరు పెట్రోలుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలో (50:1 అయితే 20, 25:1 అయితే 40), ఇంజను గరిష్ఠ వేగమెంతో, గొలుసుకు ఏ కొలత ఆకురాయి వాడాలో తెలుగులో రాసిన అట్టముక్క ఒకటి ప్రతి రంపం పిడికీ కట్టి ఉండాలి.